ఐస్ మేకర్‌పై మీ పేరు వేస్తే తయారీదారు మీరే.. తొర్రూరు డీలర్ ఫ్యాక్టరీని ఎలా ఎంచుకోవాలి?

ఎండలు ముదిరితే తొర్రూరులో ఐస్‌గడ్డకు గిరాకీ మామూలుగా ఉండదు. వరంగల్ - ఖమ్మం రోడ్డు మీద ఉన్న పట్టణం కావడంతో బస్సు ఆగే చోటల్లా జ్యూస్ సెంటర్, చెరుకు రసం బండి, సోడా బండి. పెళ్లిళ్ల సీజన్ కలిసొస్తే ఫంక్షన్ హాళ్ల నుంచి ఆర్డర్లు వేరే. వడదెబ్బను తెలంగాణ ప్రభుత్వం 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయిన వారి కుటుంబాలకు రూ.4 లక్షల పరిహారం ఖరారు చేసింది. ఎండ ఇక్కడ ఏ స్థాయిలో ఉందో దీన్నిబట్టే తెలుస్తుంది. చల్లటి నీళ్లు, ఐస్ అనేవి ఇప్పుడు సరదా వస్తువులు కావు.

మరి ఇంత గిరాకీ ఉన్నప్పుడు ఎలక్ట్రానిక్స్ షాపు నడిపే వ్యాపారికి ఒక ఆలోచన రావడం సహజం. 'ఎవరిదో బ్రాండ్ తెచ్చి రెండు పైసల మార్జిన్‌కు అమ్మే బదులు, ఫ్యాక్టరీలో మెషిన్లు చేయించి మన పేరు వేసి అమ్మితే ఎలా ఉంటుంది?' అని. దీన్నే వ్యాపార భాషలో ప్రైవేట్ లేబుల్ అంటారు. మెషిన్ ఒకరు చేస్తారు, స్టిక్కర్ ఇంకొకరిది ఉంటుంది.

పెద్ద కంపెనీలన్నీ ఈ దారిలోనే ఉన్నాయి. టాటాల క్రోమాకు సొంత పేరుతో ఏసీలు, ఫ్రిజ్‌లు ఉన్నాయి. ఫ్లిప్‌కార్ట్ 2017లో మార్క్ బ్రాండ్ తెచ్చింది. రిలయన్స్ రిటైల్ అయితే 2025 జులైలో పాత కాలపు కెల్వినేటర్ పేరునే కొనేసింది. పేరుకు అంత విలువ ఉంది మరి.

అయితే వాళ్లకు లీగల్ టీమ్ ఉంటుంది, క్వాలిటీ టీమ్ ఉంటుంది, ఊరూరా సర్వీస్ సెంటర్ ఉంటుంది. తొర్రూరు డీలర్‌కు ఉండేది ఒక షాపు, ఒక గోడౌన్, ఫోన్ చేస్తే వచ్చే ఫ్రిజ్ మెకానిక్. అందుకే ఫ్యాక్టరీని ఎంచుకునే దగ్గర తప్పు జరిగితే ఆ దెబ్బ నేరుగా షాపు మీదే పడుతుంది.

స్టిక్కర్ వేసిన వాళ్లే తయారీదారు

చాలామందికి తెలియని విషయం ఇది. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం - 2019లో 'తయారీదారు' అంటే ఎవరో సెక్షన్ 2లో రాశారు. వస్తువు చేసినవాళ్లు, విడిభాగాలు బిగించినవాళ్లు మాత్రమే కాదు. వేరేవాళ్లు చేసిన వస్తువు మీద తన సొంత గుర్తు వేసుకున్నవాళ్లు కూడా తయారీదారే. వస్తువులో లోపం వల్ల ఎవరికైనా నష్టం జరిగితే తయారీదారు బాధ్యత ఏంటో సెక్షన్ 84 చెబుతుంది.

అంటే.. మెషిన్ షార్ట్ అయి జ్యూస్ సెంటర్‌లో కుర్రాడికి కరెంట్ షాక్ కొట్టిందనుకోండి. 'నేను చేయలేదు, చైనాలో చేశారు, నేను స్టిక్కర్ మాత్రమే వేశాను' అంటే వినియోగదారుల కమిషన్ ముందు చెల్లదు. మామూలు డీలర్‌గా కంపెనీ ఫ్రిజ్ అమ్మినప్పుడు ఉండే రక్షణ, సొంత పేరు వేసిన క్షణంలోనే పోతుంది.

ఈ-వ్యర్థాల నిబంధనలదీ ఇదే ధోరణి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్న ఈ-వ్యర్థాల (నిర్వహణ) నిబంధనలు - 2022 ప్రకారం, వేరేవాళ్లు చేసిన ఎలక్ట్రికల్ వస్తువును సొంత బ్రాండ్‌తో అమ్మేవాళ్లు కూడా 'ప్రొడ్యూసర్' కిందికే వస్తారు. పాడైన మెషిన్ల రీసైక్లింగ్ బాధ్యత, కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర రిజిస్ట్రేషన్ అన్నీ వర్తిస్తాయి. సూక్ష్మ సంస్థలకు మినహాయింపు ఉండటం ఒక్కటే ఊరట. 2025 ఏప్రిల్ నుంచి ఏడాది టర్నోవర్ రూ.10 కోట్లు, పెట్టుబడి రూ.2.5 కోట్లు దాటనివాళ్లు సూక్ష్మ సంస్థల కిందికి వస్తారు కాబట్టి, చిన్న డీలర్ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకుని ఆ కాగితం దగ్గర పెట్టుకోవడం మేలు.

1,033 కుక్కర్ల కథ

ఇదంతా పుస్తకాల్లో ఉండే చట్టం అనుకుంటే పొరపాటు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ సీసీపీఏ, క్లౌడ్‌టెయిల్ అనే సంస్థ మీద చర్య తీసుకుంది. అమెజాన్ బేసిక్స్ పేరుతో అమ్మిన ప్రెషర్ కుక్కర్లకు తప్పనిసరి బీఐఎస్ ప్రమాణం లేదన్నది ఆరోపణ. నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత కూడా 1,033 కుక్కర్లు అమ్ముడయ్యాయి.

కంపెనీ చెప్పిన సమాధానం ఆసక్తికరం. ఉత్తర్వు వచ్చాక దిగుమతి ఆపేశాం అంది. దిగుమతి ఆపారు సరే, అమ్మకం ఆపలేదు కదా అని సీసీపీఏ తేల్చింది. రూ.లక్ష జరిమానా, కుక్కర్లన్నీ వెనక్కి తీసుకోవాలి, కొన్నవాళ్లకు డబ్బులు తిరిగివ్వాలి అని ఆదేశించింది. ఇక్కడ లక్ష జరిమానా చిన్న విషయం. వెయ్యికి పైగా వస్తువులను వెనక్కి తీసుకుని డబ్బులు కట్టడమే అసలు భారం. అది చిన్న డీలర్ మీద పడితే షాపు మూసుకోవాల్సిందే.

ఐస్ మేకర్లకు ఈ కథ ఎందుకంటారా? కుక్కర్ల మీద వచ్చినట్టే గృహ, వాణిజ్య ఎలక్ట్రికల్ పరికరాల భద్రత మీద కూడా కేంద్రం 2025లో నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు ఇచ్చింది. ఐఎస్ 302 ప్రమాణం దానికి ఆధారం. అమలు తేదీగా 2026 మార్చి 19 అని పెట్టారు. ఇలాంటి తేదీలు ముందుకు జరగడం కొత్తేం కాదు కాబట్టి, ఆర్డర్ ఇచ్చే రోజున తాజా పరిస్థితి ఏంటో బీఐఎస్ సైట్‌లో చూసుకోవాల్సిందే. జనవరిలో అడ్వాన్స్ కట్టి, ఏప్రిల్‌లో కంటైనర్ దిగేలోపు నిబంధన మారితే గోడౌన్‌లో సరుకు అలాగే ఉండిపోతుంది. కుక్కర్ల కేసు చెప్పేది కూడా అదే. కొన్న తేదీ ఒక్కటే కాదు, అమ్మిన తేదీని కూడా చూస్తారు.

ఇంకో ముఖ్య విషయం.. బీఐఎస్ లైసెన్స్ వచ్చేది ఫ్యాక్టరీకి. డీలర్‌కు కాదు, బ్రోకర్‌కు కాదు. 'మా దగ్గర ఐఎస్ఐ ఉంది సార్' అని వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపితే నమ్మేయొద్దు. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని లైసెన్స్ నంబర్ కొడితే అది ఏ ఫ్యాక్టరీది, ఏ వస్తువుకు, ఎప్పటివరకు చెల్లుతుంది అనేవి బయటపడతాయి. మిక్సీకి ఉన్న లైసెన్స్ చూపించి ఐస్ మేకర్ అమ్మే ఘనులు ఉండొచ్చు.

ఒకే ఫ్యాక్టరీ, పది పేర్లు

'పెద్ద బ్రాండ్లకు చేసే ఫ్యాక్టరీయే మాకూ చేస్తుంది' అనేది బ్రోకర్లు ఎక్కువగా చెప్పే మాట. అది నిజం అయినా ధైర్యపడాల్సిన పనిలేదు. ఎందుకో ప్రపంచంలో జరిగిన రెండు ఘటనలు చెబుతాయి.

చైనా కంపెనీ గ్రీ తయారుచేసిన డీహ్యుమిడిఫైయర్లు, అంటే గదిలో తేమ లాగే మెషిన్లు, అమెరికాలో డాన్బీ, డెలాంగీ, ఫ్రిజిడేర్, కెన్‌మోర్ లాంటి డజను దాకా పేర్లతో అమ్ముడయ్యాయి. ఐస్ మేకర్‌లాగే వాటిలోనూ కంప్రెసర్ ఉంటుంది. అవి వేడెక్కి కాలిపోతున్నాయని 2013 సెప్టెంబర్‌లో 20 లక్షలకు పైగా మెషిన్లను వెనక్కి పిలిచారు. లోపం తెలిసి కూడా ఆలస్యంగా చెప్పారన్న వ్యవహారంలో 2016లో 1.5 కోట్ల డాలర్లకు పైగా సివిల్ జరిమానా, 2021లో క్రిమినల్ కేసులో 9.1 కోట్ల డాలర్ల చెల్లింపు. అంతటితో ఆగలేదు. అమెరికాలో ఆ సరుకు అమ్మిన సంస్థను నడిపిన ఇద్దరిని 2023లో జ్యూరీ దోషులుగా తేల్చింది. మెషిన్ చైనాలో తయారైంది, కోర్టు మెట్లెక్కింది మాత్రం అమ్మినవాళ్లు.

రెండోది ఇంకా తాజాది. 2025 జూన్‌లో మిడియా కంపెనీ చేసిన 17 లక్షల కిటికీ ఏసీలను అమెరికాలో రీకాల్ చేశారు. ఫ్రిజిడేర్, డాన్బీ, మిస్టర్ కూల్ లాంటి పేర్లతోపాటు బెస్ట్ బై అనే స్టోర్ల సొంత లేబుల్ ఇన్సిగ్నియా కూడా ఆ జాబితాలో ఉంది. కారణం మంట కాదు. నీళ్లు సరిగా బయటికి పోకుండా లోపలే నిలిచి బూజు పడుతోందని. ఏసీలో నీళ్లు నిలిస్తేనే అంత రచ్చ అయితే, నీళ్లనే ఐస్ చేసి మనిషి నోటికి అందించే మెషిన్ పరిస్థితేంటి?

పేరున్న ఫ్యాక్టరీ అయినా తప్పు చేస్తుంది. తేడా ఎక్కడంటే, తప్పు జరిగినప్పుడు ఎవరు ముందుకొస్తారన్న దాంట్లో. లోపం బయటపడితే రీకాల్ ఖర్చు ఎవరిది, ఎన్ని రోజుల్లో చెప్పాలి, విడిభాగాలు ఎన్నేళ్లు ఇవ్వాలి అనేవి ఒప్పందంలో రాసి సంతకం పెట్టే ఫ్యాక్టరీ, రేటు కాస్త ఎక్కువ చెప్పినా అదే చవక.

12 కిలోలు అన్నారు.. 5 కిలోలే వచ్చాయి

ఇక మెషిన్ సంగతికి వద్దాం. కస్టమర్ గొడవ పెట్టుకునేది చట్టం గురించి కాదు, ఐస్ గురించి.

టేబుల్ మీద పెట్టుకునే చిన్న ఐస్ మేకర్ డబ్బా మీద 'రోజుకు 12 కిలోలు' అని ఉంటుంది. ఆ రోజు అంటే 24 గంటలు. జ్యూస్ సెంటర్ నడిచేది పది గంటలు. అంటే చేతికొచ్చేది 5 కిలోలు. పైగా ఈ చిన్న మెషిన్లలో ఐస్ పడే బుట్టకు చలి ఉండదు. తీయకపోతే కరిగి మళ్లీ ట్యాంకులోకే పోతుంది. కాబట్టి రాత్రంతా నడిపి పొద్దున్నే వాడుకుందాం అన్నా కుదరదు.

రోజుకు 200 గ్లాసులు అమ్మే బండి ఉందనుకుందాం. గ్లాసుకు 100 గ్రాముల ఐస్ అంటే 20 కిలోలు. పది గంటల్లో 20 కిలోలు రావాలంటే కాగితం మీద 48 కిలోల మెషిన్ కావాలి. ఇంకా ఎండ లెక్క వేయలేదు.

ఎండ లెక్క ఏంటంటే.. కమర్షియల్ ఐస్ మెషిన్ల బ్రోచర్లలో పెద్ద అక్షరాలతో వేసే అంకె చాలాసార్లు గది 21 డిగ్రీలు, నీళ్లు 10 డిగ్రీలు ఉన్నప్పటిది. అమెరికా పరిశ్రమ సంఘం ఏహెచ్ఆర్ఐ ప్రమాణం ప్రకారం కొలిచేది గది 32 డిగ్రీలు, నీళ్లు 21 డిగ్రీల దగ్గర. ఆ అంకె బ్రోచర్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, తక్కువగానూ ఉంటుంది. ఉమ్మడి వరంగల్ జిల్లాలో మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలే. రేకుల షెడ్డు కింద ఇంకా ఎక్కువ. సిన్‌టెక్స్ ట్యాంకులో నీళ్లు 35 డిగ్రీలు ఉన్నాయనుకుంటే, 10 డిగ్రీల నీళ్లతో పోలిస్తే కిలో ఐస్ చేయడానికి లాగాల్సిన వేడే 28 శాతం దాకా పెరుగుతుంది. అదే సమయంలో వేడిగాలికి కంప్రెసర్ సత్తా తగ్గుతుంది. రెండు వైపులా దెబ్బ.

ఫ్రిజ్‌లకు ఉన్నట్టే ఈ మెషిన్లకూ క్లైమేట్ క్లాస్ అని ఒకటి రాస్తారు. 'ఎన్' అంటే 32 డిగ్రీల వరకు, 'ఎస్‌టీ' అంటే 38 వరకు, 'టీ' అంటే 43 వరకు. యూరప్ కోసం చేసిన సరుకు మిగిలిపోయి ఇక్కడికి వస్తే అది 'ఎన్' క్లాస్ కావచ్చు. తొర్రూరులో దానికి మార్చి నెలే గండం. ఫ్యాక్టరీని మొదట అడగాల్సిన ప్రశ్న రేటు కాదు. '43 డిగ్రీల గదిలో, 35 డిగ్రీల నీళ్లతో గంటకు ఎన్ని గ్రాములు వస్తుంది, టెస్ట్ రిపోర్ట్ ఉందా?' అన్నది. సూటిగా జవాబు ఇచ్చే ఫ్యాక్టరీలు తక్కువే. అందుకే ఆ ఒక్క ప్రశ్నతోనే సగం జాబితా ఖాళీ అవుతుంది.

రిపోర్ట్ ఉన్నా సరే, రెండు శాంపిల్ మెషిన్లు తెప్పించి మే నెలలో పదిహేను రోజులు ఇక్కడే నడపాలి. ఒకటి షాపులో, ఇంకోటి తెలిసిన జ్యూస్ సెంటర్‌లో. గంటగంటకు వచ్చిన ఐస్‌ను కిరాణా తూకం మీద తూచి రాసుకుంటే చాలు. దీనికి ఇంజినీర్ అక్కర్లేదు. అయితే మేలో శాంపిల్ చూస్తే ఆ సీజన్ పోతుంది, అమ్మకం వచ్చే ఏడాదే. ఈ ఓపిక లేకపోవడమే ఈ వ్యాపారంలో పెద్ద సమస్య. నవంబర్‌లో శాంపిల్ చూసి బాగుందనుకుని ఫిబ్రవరిలో 500 మెషిన్లు దించుకుంటే, ఏప్రిల్‌లో ఫోన్లు మోగడం మొదలవుతుంది.

బోరు నీళ్ల పరీక్ష

నీళ్ల సంగతి ఇంకో తలనొప్పి. తాగునీటికి బీఐఎస్ పెట్టిన ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 2,000 వరకు ఒప్పుకుంటారు. గట్టిదనం 200 లోపు, గరిష్ఠంగా 600. తెలంగాణలో చాలాచోట్ల బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. మిషన్ భగీరథ నీళ్లు వచ్చే షాపు వేరు, బోరు మీద నడిచే షాపు వేరు.

గట్టి నీళ్లు పోస్తే చల్లబడే కడ్డీల మీద, పంపులో తెల్లగా సున్నం పేరుకుంటుంది. ముందు ఐస్ సైజు తగ్గుతుంది, తర్వాత పంపు ఆగుతుంది. మెషిన్ చెడిపోయిందని కస్టమర్ అంటాడు, నీళ్లు మంచివి కావని డీలర్ అంటాడు. ఆర్‌వో నీళ్లు పోస్తే సరిపోతుంది కదా అంటే, అక్కడా ఒక మెలిక ఉంది. కొన్ని మెషిన్లలో నీటి మట్టాన్ని కనిపెట్టే సెన్సర్ నీళ్లలోని లవణాల మీదే ఆధారపడి పనిచేస్తుంది. లవణాలు బాగా తక్కువైతే నీళ్లున్నా లేవనుకుని మెషిన్ ఆగిపోతుంది. శాంపిల్‌ను బోరు నీళ్లతో ఒక వారం, ఆర్‌వో నీళ్లతో ఒక వారం నడపమనేది అందుకే.

నీళ్లు తగిలే భాగాలు ఏ ప్లాస్టిక్‌తో చేశారు, ఫుడ్ గ్రేడ్ అని కాగితం ఉందా అనేది కూడా ఇక్కడే తేలాలి. ఐస్ కూడా ఆహారమే. తినే ఐస్, తినకూడని ఐస్ కలిసిపోతున్నాయని మహారాష్ట్ర 2018లో పరిశ్రమలకు వాడే ఐస్‌కు నీలం రంగు కలపాలని ఆదేశించింది. చేపలకు, శవపేటికలకు వాడే గడ్డే జ్యూస్‌లో పడుతోందన్న అనుమానం జనంలో ఉంది కాబట్టే, కళ్ల ముందు మెషిన్‌లో తయారయ్యే ఐస్‌కు విలువ వచ్చింది. ఆ నమ్మకాన్నే అమ్ముతూ నాసిరకం ప్లాస్టిక్ పెడితే ఇక వ్యాపారానికి అర్థం లేదు.

చైనానా? శ్రీసిటీనా? బాలానగరా?

టేబుల్ మీద పెట్టే చిన్న ఐస్ మేకర్లకు చైనాలో నింగ్బో, దాని పక్కనే ఉన్న సీషీ ప్రాంతం పెద్ద అడ్డా. చిన్న గృహోపకరణాలన్నీ అక్కడ తయారవుతాయి. రేటు తక్కువ, మోడళ్లు ఎక్కువ. సాధారణంగా 30 శాతం అడ్వాన్స్, మిగతాది షిప్పు ఎక్కేముందు. అంటే సరుకు చూడకముందే మొత్తం డబ్బు వెళ్లిపోతుంది. అందుకే లోడింగ్‌కు ముందు మూడో పార్టీతో తనిఖీ చేయించడం తప్పనిసరి ఖర్చు. దిగుమతి సరుకు డబ్బా మీద ఏ దేశంలో తయారైంది, దిగుమతిదారు పేరు, ఎంఆర్‌పీ, ఫిర్యాదుల నంబర్ అన్నీ తూనికలు కొలతల నిబంధనల ప్రకారం ఉండాలి. ఫిర్యాదుల నంబర్ అంటే డీలర్ నంబరే.

మరి మన దగ్గర? ఆంధ్రప్రదేశ్ దక్షిణ కొసన, చెన్నైకి దగ్గర్లో ఉన్న శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్, హావెల్స్ వారి లాయిడ్ ఏసీల ప్లాంట్లు ఉన్నాయి. వేరే బ్రాండ్లకు చేసిపెట్టే అంబర్, ఈప్యాక్ లాంటి కంపెనీలూ అక్కడ ఉన్నాయి. 2025 మేలో ఎల్‌జీ రూ.5,000 కోట్ల ప్లాంట్‌కు శంకుస్థాపన చేసింది. అయితే అక్కడి బలమంతా ఏసీల్లో ఉంది. కేంద్రం 2021లో తెచ్చిన రూ.6,238 కోట్ల పీఎల్‌ఐ పథకం కూడా ఏసీలకు, ఎల్‌ఈడీ లైట్లకే. ఐస్ మేకర్ ఆ జాబితాలో లేదు. లక్షల ఏసీలు చేసే లైన్‌ను ఆపి తొర్రూరు డీలర్ కోసం 200 ఐస్ మెషిన్లు చేయమంటే ఎవరూ చేయరు. ఇది చేదుగా ఉన్నా నిజం.

హైదరాబాద్‌కు ఈ రంగంలో పాత చరిత్రే ఉంది. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ ఒకప్పుడు ఫ్రిజ్‌లు చేసింది. సనత్‌నగర్ ఆల్విన్ ఫ్రిజ్ ఇంట్లో ఉండటం ఒక తరానికి గొప్ప. బాలానగర్‌లో శ్రీరామ్ వారి కంప్రెసర్ల ఫ్యాక్టరీ తర్వాత అమెరికా కంపెనీ టెకమ్సే చేతికి వెళ్లింది. అంటే కంప్రెసర్ తెలిసిన చేతులు ఈ నగరంలో ఎప్పటి నుంచో ఉన్నాయి. ఆ చుట్టుపక్కల స్టీల్ బాడీ, రిఫ్రిజిరేషన్ పని చేసే చిన్న యూనిట్ల దగ్గర 50, 100 కిలోల కమర్షియల్ మెషిన్ చేయించుకోవడం ఒక దారి. రేటు ఎక్కువ, చూడ్డానికి చైనా సరుకంత సోకుగా ఉండదు. కానీ పంపు పోతే అదే రోజు బస్సులో పార్సిల్ వేస్తారు. ఇక్కడ కూడా బీఐఎస్ కాగితాల ప్రశ్న అడగాల్సిందే. చిన్న యూనిట్ అని చట్టం వదిలేయదు.

ఎదుటివాడు నిజంగా ఫ్యాక్టరీయా, బ్రోకరా తెలుసుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. జీఎస్టీ పోర్టల్‌లో వాళ్ల నంబర్ కొడితే ఏ రకం వ్యాపారమో చూపిస్తుంది. మాన్యుఫాక్చరింగ్ అని లేకుండా ట్రేడింగ్ అని మాత్రమే ఉంటే అసలు ఫ్యాక్టరీ ఎక్కడుందో అడగాలి. బ్రోకర్ ద్వారా కొనడం తప్పు కాదు. బ్రోకర్‌ను ఫ్యాక్టరీ అనుకుని కొనడమే తప్పు.

మెకానిక్‌ను అడిగారా?

ఫ్యాక్టరీ ఎంపికలో ఎవరూ పిలవని మనిషి ఒకరున్నారు. ఊళ్లో ఉండే ఫ్రిజ్ మెకానిక్. నిజానికి మొదట పిలవాల్సింది ఆయన్నే. కొత్త చిన్న మెషిన్లలో ఎక్కువగా ఆర్600ఏ, ఆర్290 గ్యాస్‌లు వస్తున్నాయి. వాతావరణానికి మంచివే, కానీ మంట అంటుకునే రకం. ఏళ్ల తరబడి ఆర్134ఏ గ్యాస్‌తో పని చేసిన చేతులు అదే అలవాటుతో గ్యాస్ ఖాళీ చేయకుండా వెల్డింగ్ మంట దగ్గరికి తెస్తే ప్రమాదం. పాత గ్యాస్‌ల వాడకం తగ్గించే కిగాలీ ఒప్పందాన్ని భారత్ 2021లో ఆమోదించింది కాబట్టి మున్ముందు ఈ గ్యాస్‌లే ఎక్కువవుతాయి. మెకానిక్‌కు ట్రైనింగ్ ఇస్తారా, తెలుగులో కాకపోయినా కనీసం వీడియో అయినా ఇస్తారా అన్నది ఫ్యాక్టరీని అడగాలి.

శాంపిల్ రాగానే మెకానిక్ చేత మొత్తం విప్పించాలి. పంపు మార్చడానికి ఎంతసేపు పట్టింది? ఫ్యాన్ మోటర్ మన దగ్గర దొరికే సైజేనా? కరెంటు పోయి వెంటనే వస్తే కంప్రెసర్ మూడు నిమిషాలు ఆగి మొదలవుతోందా, లేక వెంటనే కొట్టుకుంటోందా? పల్లెల్లో వోల్టేజీ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. విప్పిన మెషిన్‌లోని కంప్రెసర్ పేరు, మోడల్ నంబర్, గ్యాస్ బరువు, పంపు నంబర్ అన్నీ ఫొటోలు తీసి ఒప్పందానికి జత చేయాలి. మొదటి లాట్‌లో మంచి కంప్రెసర్, రెండో లాట్‌లో ఇంకోటి పెట్టడం ఈ వ్యాపారంలో పాత విద్యే. 'డిజైన్‌లో ఏ మార్పు చేసినా ముందుగా రాతపూర్వకంగా చెప్పాలి' అనే ఒక్క వాక్యం లేని ఒప్పందానికి విలువ లేదు.

డబ్బుల లెక్క కూడా చూద్దాం. ఉదాహరణకు మెషిన్ రూ.10 వేలకు పడి రూ.14 వేలకు అమ్మితే వందకు రూ.4 లక్షల మార్జిన్. అందులో 15 మెషిన్లు బాగుచేయలేక డబ్బులు తిరిగిచ్చారనుకోండి. 85 మీద వచ్చింది రూ.3.4 లక్షలు, పోయిన 15 మెషిన్ల ఖరీదు రూ.1.5 లక్షలు. మిగిలేది రూ.1.9 లక్షలే. ఇందులో రవాణా, మెకానిక్ తిరుగుళ్లు కలపలేదు. ఫ్యాక్టరీ దగ్గర బేరమాడి మెషిన్‌కు రూ.500 తగ్గించుకుంటే వందకు రూ.50 వేలు మిగులుతుంది. ఆ తగ్గింపు కోసం ఫ్యాక్టరీ పంపు నాణ్యత తగ్గిస్తే ఆ మిగులంతా సర్వీస్‌కే పోతుంది. బేరం రేటు మీద కాకుండా, వంద మెషిన్లకు ఎన్ని పంపులు, ఎన్ని బోర్డులు, ఎన్ని ఫ్యాన్లు ఉచితంగా ఇస్తారన్న దాని మీద చేయడం తెలివైన పని.

పేరు ఎవరి పేరు మీద?

చివరిగా ఒక చిన్న కాగితం పని. బ్రాండ్ పేరును ట్రేడ్‌మార్క్ చేయించాలి. ఫ్రిజ్‌లు, కూలింగ్ పరికరాలు 11వ తరగతి కిందికి వస్తాయి. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ ఫీజు రూ.4,500. రిజిస్టర్ అయితే పదేళ్లు చెల్లుతుంది. ఇది ఆర్డర్ ఇవ్వకముందే, డీలర్ పేరు మీదే జరగాలి. చైనాలో ఎవరు ముందు దరఖాస్తు చేస్తే పేరు వాళ్లదే అన్న పద్ధతి నడుస్తుంది. అక్కడి సరఫరాదారే ఆ పేరును రిజిస్టర్ చేసుకుంటే, రేపు ఫ్యాక్టరీ మారాలనుకున్న రోజున సొంత పేరుతో ఉన్న సరుకే అక్కడి ఓడరేవు దాటకుండా ఆగొచ్చు. స్టిక్కర్ డిజైన్ ఫైల్ ఫ్యాక్టరీకి మెయిల్ చేసే ముందే దరఖాస్తు నంబర్ చేతిలో ఉందో లేదో చూసుకోవాలి.